చప్పుడు విని బండి పేరు చెప్పే ఊరు

గంభీరావుపేట బస్టాండు దగ్గర చాయ్ హోటల్. పొద్దున ఎనిమిదిన్నర. వెనక రోడ్డు మీద జీపు ఒకటి పోయింది. నా ఎదురుగా కూర్చున్నాయన తల తిప్పలేదు. గ్లాసు పెదవుల దాకా తెచ్చి ఆపి, "ప్యూజో ఇంజను. ఒక నాజిల్ సరిగ్గ కొడ్తలేదు" అన్నాడు. తరవాత చాయ్ తాగాడు.

కాస్త ముందుకు పోయి ఆ జీపు కిరాణా దుకాణం దగ్గర ఆగింది. నేను లేచి వెళ్లి డ్రైవర్ని అడిగాను. ఇంజను ప్యూజోదే. నాజిళ్లు చూపించడానికే కామారెడ్డి పోతున్నానన్నాడు.

నేను ఈ ఊరికి వచ్చింది అమెరికా పాత కార్ల గురించి రాయడానికి. ఎక్కడి గంభీరావుపేట, ఎక్కడి అమెరికా కార్లు అని బయల్దేరే ముందు ఇద్దరు ముగ్గురు అడిగారు. 1960ల్లో అమెరికాలో పుట్టిన మజిల్ కార్లకు, అంటే కండబలం ఉన్న కార్లకు, ప్రపంచమంతా అభిమానులున్నారు. కోట్లు పెట్టి వేలంలో కొనేవాళ్ల ఫొటోలు పత్రికల్లో వస్తుంటాయి. ఆ కార్లను గల్ఫ్ దేశాల్లో రోజూ కడిగి, తుడిచి, బోల్టు విప్పి, బోల్టు బిగించి, ఏ కారు ఏ పొద్దు ఎట్లా దగ్గుతుందో తెలుసుకున్నవాళ్లను ఎవరూ ఫొటో తీయరు. వాళ్లలో కొందరిది సిరిసిల్ల, కొందరిది కోరుట్ల, కొందరిది జగిత్యాల. నా ఎదురుగా చాయ్ తాగుతున్న ఈయనది గంభీరావుపేట.

పద్నాలుగేళ్లు షార్జాలో ఉండి వచ్చాడు. మొదట కార్లు కడిగే పని. తరవాత ఒక గ్యారేజీలో హెల్పరు. చివర ఆరేళ్లు ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. పేరు రాయొద్దన్నాడు. "ఊర్ల సగం మందిది ఇదే కథ సారూ. నా ఒక్కని పేరు ఎందుకు?" అన్నాడు. అందుకని ఈ కథనంలో ఆయన షార్జా అన్న.

సిరిసిల్ల నుంచి పడమరగా కామారెడ్డి వైపు పోతే దాదాపు నడిమధ్యలో తగులుతుంది గంభీరావుపేట. 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లా. మండల కేంద్రం. ఊళ్లో సీతారామస్వామి గుడి ఉంది. అందులో నందాదీపం కాకతీయుల కాలం నుంచి, ఏడు వందల ఏళ్లుగా, ఆరకుండా వెలుగుతోందని ఊరివాళ్లు చెప్తారు. ఆ దీపంలో నూనె పోసే వంతు తప్పనివ్వరు. దక్షిణాన నర్మాల దగ్గర ఎగువ మానేరు ప్రాజెక్టు. నిజాం పాలన చివరి రోజుల నాటి కట్ట అది. కూడవెల్లి వాగు, పాల్వంచ వాగు తెచ్చే నీళ్లను పట్టుకుంటుంది. సుమారు రెండు టీఎంసీలు. నిండి మత్తడి దూకితే చుట్టుపక్కల మండలాల జనం చూడటానికి వస్తారు. 2025 ఆగస్టులో అదే మానేరు ఒడ్డు దాటి పొంగింది. నర్మాల దగ్గర వరదలో చిక్కుకున్న రైతులను ఆర్మీ హెలికాప్టర్ వచ్చి తీసుకురావాల్సి వచ్చింది. ఆ రెండు రోజుల గురించి మాట్లాడేటప్పుడు ఇక్కడివాళ్ల గొంతు ఇప్పటికీ తగ్గుతుంది.

పొలం, సాంచ, దుబాయి. ఈ ప్రాంతపు మగవాళ్ల బతుకులో ఎక్కువగా ఈ మూడే. సాంచ అంటే మరమగ్గం. సిరిసిల్లలో ఎవర్ని అడిగినా ఆ మాటే అంటారు. సాంచ చెడిపోతే జాబర్ వస్తాడు. ఆయన కూడా ముందు చెవి పెట్టి వింటాడు, తరవాతే పానా తీస్తాడు. సిరిసిల్లలో సాంచాల ఖార్ఖానా పక్కన ఒక్క రాత్రి పడుకుంటే తెలుస్తుంది, ఇక్కడి పిల్లలకు యంత్రం చప్పుడు ఎట్లా జోలపాట అవుతుందో. చప్పుడు మారితే నిద్రలోనే తెలుస్తుంది వాళ్లకు. ఈ చెవి గల్ఫ్‌లో వచ్చింది కాదు. ఇక్కడి నుంచే పట్టుకుపోయారు.

షార్జా అన్న ఫోను తీసి నా ముందు పెట్టాడు. అందులో కార్ల ఫొటోలకు వేరే అర ఉంది. ఎర్రది, నల్లది, ఆకుపచ్చది. పొడుగాటి ముక్కు, పొట్టి తోక, వెనక చక్రాల దగ్గర తొడల్లా ఉబ్బిన రేకు. ఒక్కొక్క ఫొటో జరుపుతూ పేరు, సంవత్సరం చెప్పుకుంటూ పోయాడు. "గిది అరవై తొమ్మిది చార్జర్. గిది డెబ్బై చాలెంజర్. గిది మస్టాంగ్, ఫాస్ట్‌బ్యాక్." ఒక్కదాని దగ్గర తప్పు చెప్పి, వెంటనే వెనక దీపాలను వేళ్లతో పెద్దది చేసి చూసి దిద్దుకున్నాడు. 1968 చార్జర్‌కు వెనక గుండ్రటి దీపాలు, 1969 దానికి అడ్డంగా సాగిన పొడుగు దీపాలు. ఆ తేడా ఆయనకు పుస్తకంలో దొరికింది కాదు. రెండింటి దీపాలనూ మెత్తటి గుడ్డతో తుడిచాడు.

"పోరగాండ్లు సినిమాల చూసి చార్జర్ చార్జర్ అంటరు" అన్నాడు. నిజమే, 'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' సినిమాలతో ఆ 1970 నల్ల చార్జర్ మన పల్లెల్లోకి కూడా వచ్చింది. "సినిమాల అది ఉరుకుతది. నేను ఆగినంక చూసిన. ఆగినంకనే బండి సంగతి తెలుస్తది."

ఆ కార్ల పుట్టుక కొంచెం చెప్పాలి. 1964 మోడల్‌గా పాంటియాక్ తెచ్చిన జీటీఓతో మజిల్ కార్ల కాలం మొదలైందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. పాంటియాక్ అప్పట్లో జనరల్ మోటార్స్‌లో ఒక విభాగం. మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను పెట్టవద్దని పై ఆఫీసు నియమం. పాంటియాక్ చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్, ఆయన తోటివాళ్లు ఒక సందు కనిపెట్టారు. టెంపెస్ట్ లెమాన్స్ అనే మామూలు కారుకు అదనంగా డబ్బు కడితే వచ్చే హంగుగా 389 ఘనపు అంగుళాల ఇంజనును చేర్చారు. కొత్త మోడల్ కాదు కనుక పైవాళ్లను అడగక్కర్లేదు. అయిదు వేలు అమ్ముడుపోతే చాలనుకున్నారు. ఆ ఏడాది 32,450 పోయాయి.

389 ఘనపు అంగుళాలంటే సుమారు 6.4 లీటర్లు. మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగిన అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజను ఒకటిన్నర లీటరు. నాలుగు అంబాసిడర్ల ఇంజన్లు కలిపినా ఆ ఒక్క జీటీఓ ఇంజనుకు సరిపోవు. అదే 1964 ఏప్రిల్‌లో ఫోర్డ్ మస్టాంగ్ వచ్చింది. షెవర్లే కమారో, డాడ్జ్ చార్జర్, ప్లిమత్ బరకూడా, డాడ్జ్ చాలెంజర్. కంపెనీల మధ్య పోటీ ఊరి జాతరలో పొట్టేళ్ల పందెంలా సాగింది. ఇరవై ఏళ్ల కుర్రాడు తన జీతంతో కొనగలిగిన ధరకు, పందెంలో నిలిచే ఇంజను. ఆ కార్ల అసలు ఆకర్షణ అదేనని నా నమ్మకం. రాజులకు చేసినవి కావవి. నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన సింహాసనపు రోల్స్‌రాయిస్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. చూస్తే కళ్లు చెదురుతాయి కాని ఎక్కాలనిపించదు. మజిల్ కారును చూస్తే ఎక్కాలనిపిస్తుంది.

క్రైస్లర్ కంపెనీ చేసిన 426 హెమీ ఇంజను గురించి అభిమానులు గుడి గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. ఏడు లీటర్లు, కంపెనీ లెక్క ప్రకారం 425 గుర్రాల బలం. సిలిండరు పైభాగం కొబ్బరిచిప్ప బోర్లించినట్టు అర్ధగోళంగా ఉంటుంది. ఆ ఆకారం వల్లే దానికి ఆ పేరు. చిప్పకు అటొకటి ఇటొకటి పెద్ద వాల్వులు పట్టేంత చోటు దొరుకుతుంది. గాలి, పెట్రోలు ఒక వైపు నుంచి వచ్చి, మండి, పొగ అడ్డం లేకుండా రెండో వైపు పోతుంది. షార్జా అన్న పనిచేసిన గ్యారేజీలో ఒకసారి హెమీ హెడ్డు దింపి బల్ల మీద పెట్టారట. "మధ్యాహ్నం అన్నం తినుడు మర్చిపోయి చూసిన" అన్నాడు.

అరుదైనవాటి సంగతి వేరే లోకం. 1971లో ఆ హెమీ ఇంజనుతో, పైకప్పు మడిచేసే రకం ప్లిమత్ బరకూడా కార్లు చేసినవి పదకొండే. అందులో ఒకటి 2014 వేలంలో 35 లక్షల డాలర్లకు పోయింది. అంత సొమ్ము పెట్టేవాడు మొదట చూసేది రంగు కాదు, నంబర్లు. చాసిస్ మీది నంబరు, ఇంజను దిమ్మ మీద గుద్దిన నంబరు కలవాలి. ఫ్యాక్టరీలో ఆ బండికి బిగించిన ఇంజనే ఇప్పటికీ అందులో ఉండాలి. పాత బండి కొనేటప్పుడు ఆర్సీ పట్టుకుని బానెట్ కిందికి వంగి చూసే మనవాళ్లకు ఈ పట్టింపు చెప్పాల్సిన పని లేదు.

మరి ఆ చప్పుడు? అది అడిగితే షార్జా అన్న ఫోను పక్కన పెట్టి, రెండు చేతులూ బల్ల మీద ఆనించి, వేళ్లతో దరువేసి చూపించాడు. అమెరికా వీ8 ఇంజనులో నాలుగు సిలిండర్లు ఒక పక్క, నాలుగు ఇంకో పక్క. మొత్తం మీద సమానమైన ఎడంతోనే మండుతాయి. కాని ఏ ఒక్క పక్క చూసినా వరస సమంగా ఉండదు. ఒక చోట రెండు సిలిండర్లు వెంటవెంటనే మండుతాయి, తరవాత ఎడం ఎక్కువ. ఆ పక్క పొగ గొట్టంలోంచి చప్పుడు కూడా అట్లాగే తడబడుతూ వస్తుంది. డప్పు మీద చిటికెన పుల్ల, సిర్ర కలిసి పడ్డప్పటి దెబ్బలాగా. గుడగుడమనే ఆ లోతు గొంతుకు కారణం అదే. ఇంజనీరింగ్ కాలేజీ పుస్తకంలో దీనికి క్రాంక్ బొమ్మ, డిగ్రీల లెక్క ఉంటాయి. ఈయన పది వేళ్లతో అరనిమిషంలో చెప్పాడు.

ఆ కార్లు ఎక్కువ కాలం బతకలేదు. 1970కే కష్టాలు మొదలయ్యాయి. కుర్రాళ్ల ప్రమాదాలు చూసి బీమా కంపెనీలు రేట్లు పెంచాయి. ఆ ఏడాది చివర అమెరికాలో వచ్చిన గాలి కాలుష్య చట్టంతో ఇంజన్ల బలం తగ్గించాల్సి వచ్చింది. చివరి దెబ్బ 1973 అక్టోబరులో. ఇజ్రాయెల్‌తో ఈజిప్టు, సిరియాల యుద్ధం. అమెరికాకు చమురు ఇచ్చేది లేదని అరబ్బు దేశాలు భీష్మించాయి. నెలల్లో ముడిచమురు ధర నాలుగు రెట్లయింది. అమెరికాలో పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి. లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు పోయే బండిని ఎవరు కొంటారు? 1974తో చాలెంజర్, బరకూడా ఆగిపోయాయి. జీటీఓ పేరు కూడా ఆ ఏడాదితోనే పోయింది.

ఇక్కడ నేను గంభీరావుపేట వైపు తిరగాలి. ఎందుకంటే ఆ 1973 ఈ ఊరిది కూడా. చమురు ధర పెరిగి అమెరికా కుర్రాడి కారు ఆగింది. అదే ధర గల్ఫ్ దేశాల చేతిలో డబ్బయింది. ఆ డబ్బుతో ఇసుకలో రోడ్లు, రేవులు, మేడలు లేచాయి. వాటికి మనుషులు కావాలి. ఇటు చూస్తే 1972, 73ల్లో తెలంగాణలో కరువు. బావులు ఎండి, బీళ్లు పడి, చేతులు ఖాళీగా ఉన్నాయి. బొగ్గుబాయి, బొంబాయి అని రెండే దారులున్న జనానికి మూడో దారిగా దుబాయి దొరికింది. ఒక పాదు ఎండితే ఇంకో పాదుకు నీళ్లు మళ్లినట్టు, ఒక దేశంలో కార్లు ఆగిన ఏళ్లలోనే ఇంకో దేశపు పల్లెల నుంచి మనుషులు కదిలారు. ఎన్నో ఏళ్లకు, పాతబడి విలువ పెరిగిన ఆ కార్లే ఓడలెక్కి గల్ఫ్ షేకుల ఇళ్లకు వచ్చాయి. వాటిని కడగడానికి అక్కడ మనవాళ్లు సిద్ధంగా ఉన్నారు.

ఈ మాట చెప్తే షార్జా అన్న చాలాసేపు ఏమీ అనలేదు. "మా నాయిన డెబ్బై ఆరుల పోయిండు. మస్కట్" అన్నాడు చివరికి. "ఆయన రోడ్లేసిండు. నేను ఆ రోడ్ల మీద తిరిగే బండ్లు కడిగిన."

గల్ఫ్ బతుకును నేను తీపి చేసి రాయను. అప్పు చేసి వీసా కొన్నవాళ్లు, ఏజెంటు మోసంతో ఖల్లివెల్లి అయి కాగితాల్లేకుండా మిగిలినవాళ్లు, పెట్టెలో తిరిగొచ్చినవాళ్లు ఈ మండలంలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు అయిదు లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించేదాకా ఎంతమంది ఆడవాళ్లు దరఖాస్తులు పట్టుకుని తిరిగారో ఇక్కడివాళ్లకు తెలుసు. అయినా ఆ పద్నాలుగేళ్లలో ఈయన ప్రేమించిన వస్తువు ఒకటి ఉందని చెప్పడం కూడా అంతే అవసరమనిపిస్తుంది నాకు. కూలికి పోయినవాడికి చెమటే ఉంటుంది, ఇష్టం ఉండదని అనుకోవడం వాళ్లను చిన్నబుచ్చడమే.

షార్జాలో 2008లో తెరిచిన పాత కార్ల మ్యూజియం ఉంది. వంద దాకా కార్లు. సెలవు దొరికిన శుక్రవారం స్నేహితులు మార్కెట్‌కు పోతే ఈయన అక్కడికి పోయేవాడు. అబుదాబి ఎడారిలో షేక్ హమద్ మ్యూజియం మాత్రం ఒక్కసారే చూశాడు. యజమానిని దింపడానికి పోయినప్పుడు. అక్కడ డాడ్జ్ పవర్ వ్యాగన్ ట్రక్కును ఇల్లంత ఎత్తున పెంచి కట్టిన నమూనా ఉంది, లోపల గదులతో సహా. 1950ల్లో చమురు వెతికే జట్లు ఇసుకలో నడిపినవి ఆ ట్రక్కులే. "అది సూడంగనే నాకు మనూరి జీపు యాదికొచ్చింది" అన్నాడు.

యాదికి రావడంలో వింత లేదు. రెండూ రెండో ప్రపంచ యుద్ధపు పిల్లలే. జీపును మనం మనదే అనుకుంటాం, అంతగా కలిసిపోయింది. అది కూడా అమెరికాదే. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి బండి కావాలంటే బాంటమ్ అనే చిన్న కంపెనీ మొదటి నమూనా చేసిచ్చింది. ఒహాయో రాష్ట్రం టొలీడోలోని విల్లీస్ కంపెనీ ఇంజను బలంగా ఉండటంతో పెద్ద ఆర్డరు దానికి పోయింది. ఫోర్డ్ కూడా అదే నమూనాలో చేసింది. యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా జీపులు తయారయ్యాయి. 60 గుర్రాల బలం, 2.2 లీటర్ల ఇంజను. మజిల్ కారు ముందు చిన్నపిల్లే. కాని బురదలో పందెం పెడితే ఏది గెలుస్తుందో మానేరు ఒడ్డున ఎవరూ అడగరు.

1945లో మొదలైన మహీంద్రా కంపెనీ స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. తరవాత ఇక్కడే తయారీ. మనకు బాగా తెలిసిన ఎత్తు ముక్కు జీపు సీజే-3బి. 1953లో విల్లీస్ కొత్త ఇంజను పెట్టింది. గాలి లోపలికి తీసుకునే వాల్వు హెడ్డులోకి వెళ్లడంతో ఇంజను ఎత్తు పెరిగింది. పాత బానెట్ కింద పట్టలేదు. బానెట్ పైకి లేపారు. అమెరికాలో ఆ ముఖం 1960ల్లోనే పోయింది. మన దేశంలో దాని వంశం ప్యూజో డీజిలు ఇంజను పెట్టుకుని, కమాండర్ అయి, మేజర్ అయి, యాభై ఏళ్లు బతికింది.

ఈ ప్రాంతంలో జీపును ప్రేమించడం అంత తేలిక కాదు. 1978 సెప్టెంబరు 7న దొరలకు ఎదురుతిరిగిన రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అప్పటి సిరిసిల్ల తాలూకాలోనిదే గంభీరావుపేట. రాత్రిపూట జీపు చప్పుడు వినబడితే పోలీసులు వచ్చారని అర్థం. దీపం ఆర్పి, పిల్లల నోరు మూసి, చప్పుడు ఏ వాడ వైపు తిరుగుతుందో చెవులు రిక్కించి వినేవాళ్లు. గేరు మారిందా, ఆగిందా, ఇంజను ఆపకుండానే మనుషులు దిగారా. ఇక్కడి చెవులు చప్పుళ్లను ఎందుకింత బాగా చదువుతాయో అడిగితే సాంచాల పేరు చెప్పాను ముందు. ఆ రాత్రుల పేరు కూడా చెప్పాలి.

తరవాత అదే జీపు పెళ్లిళ్లకు వచ్చింది. ఎములాడ రాజన్న దగ్గరికి కోడెమొక్కు తీర్చుకోవడానికి పోయేవాళ్లను మోసింది. బస్సు పోని ఊళ్లకు సర్వీసు జీపై తిరిగింది; లోపల పది మంది, వెనక మెట్టు మీద అయిదుగురు, బానెట్ మీద మేకపిల్ల. ఎన్నికలప్పుడు మైకు కట్టుకుంది. భయం పూర్తిగా పోయిందని అనను. దాని మీద వేరే జ్ఞాపకాలు పేరుకున్నాయి.

"తాత జీపు చూపిస్త పా సారూ" అని షార్జా అన్న నన్ను ఊరి బయటికి తీసుకుపోయాడు. పొలం దగ్గర రేకుల కొట్టం. ఒక పక్క రెండు బర్రెలు, ఇంకో పక్క గడ్డిమోపు, నడుమ ఎత్తు ముక్కు పెట్రోలు జీపు. యజమాని ఎనభై దాటిన రైతు. 1960ల నాటి బండి. ఏదో ప్రభుత్వ శాఖ వేలం వేస్తే ఆయన తండ్రి కొన్నాడట. అద్దం చట్రం మడిచి బానెట్ మీద పడుకోబెట్టి ఉంది. రంగు ఎక్కడికక్కడ లేచిపోయింది. కాని బానెట్ ఎత్తితే లోపల చేతిరుమాలు పరిచి అన్నం తినొచ్చు.

"పెట్రోలు శానా తాగుతదని డీజిలు ఇంజను ఏసుకొమ్మన్నరు తాతా, నువ్వు ఎందుకు ఏసుకోలే?" అని షార్జా అన్న అడిగాడు.

"అండ్ల అదే ఉన్నది. నేను తీస్తె మల్ల ఎవలు పెడ్తరు బిడ్డా?" అన్నాడాయన.

లక్షల డాలర్ల వేలాల్లో నంబర్లు కలవాలని భూతద్దాలు పెట్టి వెతుకుతారు. ఆ పట్టింపు ఈ కొట్టంలో ఇంత తక్కువ మాటల్లో ఉంది. ఇంజను రెండుసార్లు బోరు కొట్టించాడు. కమాన్ పట్టీలు మార్చాడు. కార్బురేటరు ప్రతి ఎండాకాలం తనే విప్పి కడుగుతాడు. హైదరాబాదులో పాత సామాను దుకాణాలు తిరిగి తెచ్చిన డిస్ట్రిబ్యూటరు మూత ఒకటి అదనంగా గుడ్డలో చుట్టి దాచాడు. విప్పి చూపించాడు, పసిబిడ్డను చూపించినట్టు.

2021 జూలైలో కేంద్రం కొత్త నియమం తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. ఇరవై వేలు కడితే నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. ప్రదర్శనలకు, ర్యాలీలకు నడపొచ్చు. రోజువారీ పనికి నడపకూడదు. పట్నంలో మందిరాలు కట్టి కార్లను దాచుకునేవాళ్లకు ఇది మంచి చట్టమే. తాత దాన్ని నాతో చదివించుకుని విన్నాడు. "గడ్డి తేవొద్దా మరి?" అన్నాడు. చట్టం రాసినవాళ్లకు బర్రెల కొట్టంలో అసలు రూపంతో బతికే బండి తట్టి ఉండదు. యంత్రాన్ని నిలబెట్టేది వాడకమే అని నమ్మేవాణ్ని నేను. ఈ కొట్టం చూశాక ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది.

ఊళ్లో కుర్రాళ్ల మనసు మాత్రం మహీంద్రా థార్ మీద ఉంది. 2020 ఆగస్టు 15న తొలిసారి చూపించిన కొత్త థార్ ఫొటో చాలా ఫోన్ల తెర మీద కనబడింది. ఆ ముక్కులో ఇప్పటికీ పాత విల్లీస్ పోలిక ఉంది. ఇలాంటి పోలిక మీదే, మహీంద్రా రాక్సర్ అనే బండిని అమెరికాలో అమ్మితే జీపు పేరు హక్కుదారు కంపెనీ 2018లో అక్కడి వాణిజ్య కమిషన్‌కు ఎక్కింది. ఆ తగవు తీరాలంటే రాక్సర్ ముఖం మార్చాల్సి వచ్చింది. మస్టాంగ్ కూడా 2016లో అయిదు లీటర్ల వీ8తో, కుడి చేతి స్టీరింగుతో మన దేశానికి వచ్చింది. హైదరాబాదు ఔటర్ మీద అప్పుడప్పుడు దాని గొంతు వినబడుతుంది. గంభీరావుపేటలో దాని గొంతు షార్జా అన్న ఫోనులోనే.

సాయంత్రం తాత జీపులో నర్మాల కట్ట దాకా పోయాం. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. షార్జా అన్న నడిపాడు. కట్ట ఎక్కే దగ్గర రెండో గేరులో వేసి, కాలు తీసేసి, దాని బలం మీదే పైకి రానిచ్చాడు. తాత పక్క సీట్లో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నీళ్ల మీద పొద్దు వాలుతోంది. చేపల వలలు తీసుకుని ఇద్దరు పోతున్నారు.

ఇంజను ఆపాక షార్జా అన్న ఫోను తీశాడు. గ్యారేజీలో ఒక పొద్దున, ఎవరూ లేనప్పుడు, 1969 చార్జర్ స్టార్టు చేసి దాని వెనక నిలబడి పట్టుకున్న చప్పుడు అది. ఒక నిమిషం నలభై సెకన్లు. బానెట్ మీద ఫోను పెట్టి వినిపించాడు. తాత వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు.

"ఎన్ని సిలిండర్లు?"

"ఎనిమిది తాతా."

ముసలాయన ఇంకాసేపు విన్నాడు. కుడి చేతి వేళ్లు బానెట్ రేకు మీద మెల్లగా ఆడుతున్నాయి.

"ఒక దిక్కు రెండు ఎంబడెంబడే కొడ్తున్నయి" అన్నాడు. "మల్ల పెట్టు."